శుక్రవారం ఆరింటి వంతు

జనవరి 6, ఆదివారం

పండుగ సెలవు. బయట మైనస్ ఇరవై రెండు. మధ్యాహ్నం నాలుగింటికి మూడో అంతస్తు వాళ్లు తలుపు కొట్టారు. అందరికీ ఉమ్మడిగా ఉన్న ఆవిరి స్నానాల గది, సౌనా, తెరుచుకోవడం లేదట. తువ్వాళ్లు భుజాన వేసుకుని మెట్ల మీద నిలబడ్డారు, నేనేదో అగ్నిమాపక దళం అయినట్టు. నేలమాళిగలోకి దిగి చూస్తే, ఆ తలుపునూ పొయ్యినీ నడిపే కంప్యూటర్‌లో, ఎవరి గంట ఎప్పుడో చెప్పే వంతుల పట్టికలో ఒక కామా ఎక్కువైంది. పోయిన వారం నేను పెట్టిందే. తీసేశాను. ఆ తర్వాత ప్రోగ్రామ్‌ను దాని సొంత ఖాతా కింద మొదలుపెట్టాలి, పద్ధతి అది. కానీ జనం మెట్ల మీద ఉన్నారు. అందుకని రూట్‌గా, అంటే ఆ యంత్రంలో సర్వాధికారాలూ ఉన్న ఖాతాతో, చేత్తో నడిపించేశాను. నడిచింది. తలుపు తెరుచుకుంది, పొయ్యి వెలిగింది. రేపు దిగి పద్ధతిగా మార్చాలి.

జనవరి 7

రేపు.

జనవరి 19, శనివారం

నడుస్తున్నదాన్ని ముట్టుకోకూడదు. 1996లో ఒక అబ్బాయి కోసం లినక్స్ నేర్చుకున్నప్పుడు అతను చెప్పిన మొదటి మాట ఇది. అబ్బాయి వెళ్లిపోయాడు, లినక్స్ మిగిలింది. రెండింట్లో ఏది పోయి ఉంటే బాగుండేదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఈ భవనంలోని ముప్పై ఆరు ఇళ్లలో ఆ విద్య వచ్చినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి సౌనా సర్వర్ నా మెడకు చుట్టుకుంది. చరిత్రలో డాక్టరేట్ చేసినదానికి ఇంతకన్నా గౌరవం ఈ ఊళ్లో ఎవరిస్తారు.

ఫిబ్రవరి 14, గురువారం

ఉదయం ఈ భవనం సంరక్షకుడు ఇల్పో నేలమాళిగ కరెంటు పావుగంట ఆపాడు. బట్టలు ఆరేసుకునే గదిలో ఫ్యాను మార్చాలని మూడు రోజుల ముందే మెట్ల దగ్గర కాగితం అంటించాడు, ఎప్పటిలాగే పెద్దక్షరాలతో, ఎప్పటిలాగే చివర ఆశ్చర్యార్థకం లేకుండా. కరెంటు వచ్చింది, కంప్యూటర్ లేచింది. సౌనా ప్రోగ్రామ్ మాత్రం లేవలేదు.

సాయంత్రం దిగాను. తెర మీద ఒకటే మాట: అనుమతి లేదు.

కౌకో అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు. మా భవనం యజమానుల సంఘానికి అధ్యక్షుడతను. బీమా కంపెనీలో ముప్పై ఏళ్లు జనం ఇళ్లు ఎందుకు తగలబడ్డాయో కనిపెట్టి, వాళ్లకు డబ్బు ఎందుకు రాదో వివరించి రిటైరయ్యాడు. ఎవరు చేశారు అని అడిగాడు. ఏమైంది అని అడగలేదు.

ఫిబ్రవరి 15, శుక్రవారం

ఆరింటి వంతు నాది. శుక్రవారం ఆరు. ఈ భవనంలో అంతకు మించిన ఆస్తి లేదు. దానికోసం తొమ్మిదేళ్లు వరుసలో ఉన్నాను. ముందు ఆ వంతున్న పెద్దాయన అంత్యక్రియల్లో నేను ఏడ్చిన మాట నిజమే. దుఃఖం ఎంత, ఊరట ఎంత అని ఆ రోజు కూడా విడదీయలేకపోయాను.

ఆరు అయింది. మూసిన తలుపు ముందు నిలబడ్డాను. ఏడింటి వంతు రౌహా గారిది. ఆవిడ ప్లాస్టిక్ బకెట్టు, ఆవిరిలో ఒంటికి కొట్టుకునే భూర్జ కొమ్మల కట్ట, ఒక బీరు సీసా పట్టుకుని దిగింది. డెబ్భై ఎనిమిదేళ్లు. పత్తి మిల్లులో మగ్గాల హోరు మధ్య పనిచేసిన గొంతు, గుసగుస కూడా వీధికి వినిపిస్తుంది.

"ఏమంటోంది నీ పెట్టె?"

అనుమతి లేదంటోందని చెప్పాను.

"ఎవరికి?"

నాకు తోచినట్టు చెప్పాను. ఆ యంత్రంలో ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు. ఎవరు చదవచ్చు, ఎవరు రాయచ్చు అని దాని నుదుటి మీద రాసి ఉంటుంది. సౌనా ప్రోగ్రామ్‌కు సౌనా అనే పేరుతోనే ఒక ఖాతా ఉంది, వంతుల ఫైలు దాని పేర ఉండాలి. ఇప్పుడది ఇంకెవరి పేరనో ఉన్నట్టుంది. అందుకని తన ఫైలును తానే తెరవలేక ప్రోగ్రామ్ చతికిలపడుతోంది.

"అంటే తాళాలు పక్కింటోడి జేబులో ఉన్నాయి."

"దాదాపు అంతే, రౌహా గారూ."

"మరి ఆ పక్కింటోడెవడో పోయి అడుగు." సీసా మూత అక్కడే, గోడ అంచుకు కొట్టి తీసింది.

ఫిబ్రవరి 16, శనివారం

అడిగాను. వంతుల ఫైలు యజమాని: రూట్. లాగ్ ఫైలు, అంటే ప్రోగ్రామ్ తను చేసినవన్నీ తేదీలతో రాసుకునేది, దాని యజమాని: రూట్. లాగ్ మొదలైన తేదీ: జనవరి 6.

పాత యంత్రాల గడియారాలు అంత నమ్మదగ్గవి కావు.

కౌకో ఒక పేజీ నివేదిక అడిగాడు. రాసిచ్చాను. "14వ తేదీన విద్యుత్ నిలిపివేసిన తర్వాత సౌనా ప్రోగ్రామ్ తిరిగి ప్రారంభం కాలేదు." ప్రతి పదమూ నిజం. మళ్లీ మళ్లీ చదువుకున్నాను, అబద్ధం ఒక్కటి లేదు.

ఫిబ్రవరి 18, సోమవారం

ఇవాళ తెలివితక్కువ పని చేశాను, అదీ చాలా తెలివిగా అనుకుంటూ. ఎవరికి అనుమతి లేదో వెతికే బదులు అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాను. మూడు ఏడులు, అదే ఆ కమాండు. ఆ ఫోల్డర్‌లో ఉన్న ప్రతి ఫైలునూ ఎవరైనా చదవచ్చు, ఎవరైనా మార్చచ్చు. లినక్స్ తెలిసినవాళ్లంతా చేస్తారు, ఎవరూ ఒప్పుకోరు.

ప్రోగ్రామ్ ఈసారి ఇంకో అడుగు ముందుకు వెళ్లి ఆగింది. తలుపు తాళానికి సంబంధించిన రహస్య ఫైలును లోకమంతా చదవగలుగుతోంది, కాబట్టి దాన్ని నమ్మను, నేను మొదలవను అంది. అనుమతి తక్కువైతే అలక, ఎక్కువైతే అనుమానం. ఇలాంటివాణ్ణి ఒకణ్ణి ఆరేళ్లు భరించి విడాకులిచ్చాను.

ఫిబ్రవరి 20, బుధవారం

కోపమొచ్చి ఇటు చివర నుంచి అటు చివరకు వెళ్లాను. ఫోల్డర్‌తో సహా అన్నిటినీ బిగించేశాను, యజమాని తప్ప ఇంకెవరూ ముట్టుకోకుండా. ఫోల్డర్‌లోకి అడుగు పెట్టడానికి వేరే అనుమతి ఉంటుందని మర్చిపోయాను. బిగించేటప్పుడు అదీ పోయింది. ఇప్పుడు ప్రోగ్రామ్ గుమ్మం దగ్గరే ఆగిపోతోంది. రెండు రోజుల కిందట ఇంకొంచెం దగ్గరికైనా వచ్చేది.

ఫైళ్ల యజమాని మాత్రం ఇంకా రూటే. అది మార్చడానికి ఒక్క లైను చాలు. ఆ లైను నాకు తెలుసు. దాన్ని ఎందుకు కొట్టడం లేదో తెలియదు.

ఫిబ్రవరి 23, శనివారం

పది రోజులుగా సౌనా లేదు. లిఫ్ట్‌లో ఎవరూ ఎవరి మొహమూ చూడటం లేదు. ఎప్పుడూ చూడరు, కానీ ఇప్పుడు చూడకపోవడంలో నింద ఉంది. నాలుగో అంతస్తు ఆయన నన్ను చూసి, ఇంట్లో తొట్టి స్నానం చేస్తే తడిసిన రొట్టెల్లా నానిపోతున్నామని గోడకు చెప్పాడు.

నిన్న ఇల్పో సౌనా తలుపుకు గీతలు కొట్టిన కాగితం ఒకటి తగిలించాడు, పక్కనే దారానికి పెన్సిల్. కంప్యూటర్ రాకముందు నలభై ఏళ్లు అలాగే నడిచిందట: ఎవరి వంతు ఎప్పుడో రాసుకుంటే, పొయ్యిని తాళంచెవితో అతనే వెలిగించేవాడు. కౌకో గంటలో చింపేశాడు. చేత్తో వెలిగిస్తే బీమా వర్తించదట.

ఫిబ్రవరి 26, మంగళవారం

వార్షిక సమావేశం నోటీసు వచ్చింది. మార్చి 14, గురువారం సాయంత్రం. ఏడో అంశం: "ఇంటి సంరక్షకుడు నిర్లక్ష్యంగా విద్యుత్ నిలిపివేసినందువల్ల జరిగిన నష్టం. సంరక్షణ పనులను బయటి సంస్థకు అప్పగించడం. సంరక్షకుడి నివాసాన్ని మే నెలాఖరుకు ఖాళీ చేయించడం."

జత చేసిన పత్రం: నా నివేదిక. నా పేరు ముందు 'డాక్టర్' అని కౌకోనే చేర్చాడు.

ఇల్పో ఇరవై రెండేళ్లుగా ఇక్కడ పనిచేస్తున్నాడు. నేలమాళిగ పక్కన ఒంటిగది ఇల్లు, కిటికీలోంచి జనం బూట్లు మాత్రమే కనిపిస్తాయి. ఉద్యోగంతో వచ్చింది, ఉద్యోగంతోనే పోతుంది. వయసు అరవై ఒకటి.

ఫిబ్రవరి 27

నేను అతని పేరు రాయలేదు.

ఫిబ్రవరి 28

'నిర్లక్ష్యం' అనే మాట కూడా నాది కాదు.

మార్చి 2, శనివారం

పొద్దున కాలేజీ పేపర్ల సంచీతో బయటికి వస్తే, ఇల్పో గుమ్మం ముందు మంచు తోస్తున్నాడు. పక్కనుంచి జారుకుందామనుకున్నాను. పార అడ్డం పెట్టలేదు, ఏమీ చేయలేదు. తోయడం ఆపాడు, అంతే. ఈ ఊళ్లో అది చేయి పట్టుకుని ఆపడంతో సమానం.

"డాక్టరమ్మా, ఒక్క సందేహం."

జేబులోంచి నూనె మరకల నోటు పుస్తకం తీశాడు. ఏ రోజు ఏ ఫ్యూజు మార్చాడో, ఎంత చలి ఉందో, ఎవరి కుళాయి కారిందో అన్నీ అందులో ఉంటాయి. వేలికి ఉమ్మి తడి చేసుకుని పేజీలు తిప్పాడు.

"అక్టోబర్ తొమ్మిది. మీటర్ల పని. కరెంటు నలభై నిమిషాలు తీసేశాను. మీ యంత్రం దానంతటదే లేచింది, ఆ సాయంత్రం జనం స్నానాలు చేశారు. ఫిబ్రవరి పద్నాలుగు. పావుగంట తీశాను. చచ్చింది." పుస్తకం మూశాడు. "నాకు చదువు లేదు. నలభై నిమిషాలకు చావనిది పావుగంటకు ఎందుకు చచ్చింది?"

చూస్తానన్నాను.

"చూడండి. తొందరేం లేదు, మే దాకా ఉంటాను."

నవ్వలేదు. మళ్లీ పార అందుకున్నాడు. బస్టాప్ దాకా ఆ పార చప్పుడు వినిపించింది. నిజానికి బస్టాప్ దాకా వినిపించదు, చాలా దూరం.

మార్చి 3, ఆదివారం

ఈ పుస్తకంలో మొదటి పేజీ చదివాను.

ఏమని రాయను. అక్కడే ఉంది, నా చేతిరాతలో, కామాతో సహా. రూట్‌గా నడిపినప్పుడు ప్రోగ్రామ్ రాసిన ప్రతిదీ రూట్ పేరనే తయారైంది. ఐదు వారాలు ఆగకుండా నడిచింది కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇల్పో కరెంటు తీసి పెట్టాడు. యంత్రం పద్ధతిగా, తన ఖాతాతో లేవబోయింది. నేను పాడుచేసి మూతపెట్టినదాని మూత అతను తీశాడు, అంతే అతను చేసింది.

ఇది నాకు మార్చి 3న తెలిసిందని రాస్తున్నాను. ఫిబ్రవరి 16 పేజీ వేరే చెబుతోంది.

మార్చి 9, శనివారం

ఆ ఒక్క లైను కొట్టాను. ఫైళ్లన్నీ సౌనా ఖాతా పేరుకు మారాయి. ఫోల్డర్‌లోకి అడుగు పెట్టే అనుమతి తిరిగిచ్చాను, రహస్య ఫైలును దాని యజమాని ఒక్కడే చదివేలా ఉంచాను. ప్రోగ్రామ్ మొదలైంది. మొత్తం ఆరు నిమిషాలు. గోడవతల పొయ్యి రాళ్లు టిక్కు టిక్కుమని వేడెక్కడం వినిపించింది.

అక్కడితో లేచి వచ్చేయాల్సింది. రాలేదు.

జనవరి 6 అనే తేదీ ఇంకా లాగ్‌లో ఉంది, రూట్ కొట్టిన కమాండ్ల జాబితాలో ఉంది. దాన్ని చదవగలిగేవాళ్లు ఈ భవనంలో ఇద్దరు: నేను, రూట్. ఆ ఇద్దరం ఒకరే. చెరపడానికి రెండు కమాండ్లు, కొత్త తేదీ వేయడానికి ఒకటి. వేశాను. ఫిబ్రవరి 14. చాలా సహజంగా ఉంది. రూట్‌కు ఎవరి అనుమతీ అక్కర్లేదు.

నా పరిశోధన గ్రంథంలో పద్దెనిమిదో శతాబ్దపు చర్చి గుమాస్తా ఒకడున్నాడు. బాప్తిస్మాల పుస్తకంలో రాయడం మర్చిపోయి, తర్వాత పాత తేదీలు వేసి పూరించేవాడు. సిరా రంగును బట్టి పట్టుకున్నాను. అతన్ని ఛీకొట్టడానికి నలభై పేజీలు కేటాయించాను. అందుకు ఈ దేశపు ఆచారం ప్రకారం డాక్టరేట్ టోపీ, కత్తీ ఇచ్చారు. టోపీ అల్మారా మీద పెట్టెలో ఉంది. కత్తి ఎక్కడుందో గుర్తులేదు, అది మంచిదే.

మార్చి 10, ఆదివారం

భవనమంతా కడిగిన మొహాలు. రౌహా గారు వేడివేడి ఏలకుల బన్నులు పట్టుకొచ్చింది. నువ్వు లేకపోతే కుళ్లిపోయేవాళ్లం అమ్మాయ్, అంది. మూడు తిన్నాను.

మార్చి 11

ఏడో అంశం ఇంకా జాబితాలోనే ఉంది. కౌకోకు ఫోన్ చేసి, బాగైపోయింది కదా తీసేయమన్నాను. నష్టం జరగడం వేరు, బాగవడం వేరు అన్నాడు.

మార్చి 12

జనవరి 6 ఇప్పుడు లోకంలో ఒక్కచోటే ఉంది. ఇక్కడ. ఈ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ చదవలేరు, ఎవరూ రాయలేరు. కాల్చేయచ్చు. కానీ పొయ్యేది? ఉన్నది సౌనాలోదే, అది కరెంటుది, పైగా కౌకో బీమా.

మార్చి 13

కాలేజీలో విద్యార్థులకు ఆధారాల గురించి రెండు గంటలు చెప్పాను. బాగా చెప్పానట.

మార్చి 14, గురువారం

సమావేశం క్లబ్బు గదిలో. కాఫీ, బన్నులు, ఇరవై తొమ్మిది మంది, ఒక్కొక్కరి మధ్య ఒక్కో ఖాళీ కుర్చీ. ఇల్పో తలుపు పక్కన నిలబడ్డాడు, శుభ్రమైన చొక్కా వేసుకుని. ఆ చొక్కా మడతలు చూడకుండా ఉండాల్సింది.

ఆరు అంశాలు, సైకిళ్ల షెడ్డు మీద నలభై నిమిషాలతో కలిపి, గంటన్నర. ఏడోది వచ్చింది. కౌకో నా నివేదిక గట్టిగా చదివాడు. ఇరవై తొమ్మిది మంది ముందు వింటే అందులో ప్రతి పదమూ నిజమే, మొత్తం కలిపితే అబద్ధం. నేను లేచాను. మాటలు సిద్ధం చేసుకున్నాను, విద్యుత్ నిలిపివేత ఏకైక కారణం కాకపోవచ్చు అని మొదలయ్యేవి. నోరు తెరిస్తే అవి రాలేదు. సంచీలోంచి ఈ పుస్తకం తీసి మొదటి పేజీ చదివాను. తువ్వాళ్లు, కామా, రూట్, రేపు. తర్వాత జనవరి 7, అది చిన్నదే. తర్వాత మార్చి 9, కత్తి దాకా.

గది ఎప్పుడూ నిశ్శబ్దమే కాబట్టి తేడా తెలియలేదు.

కౌకో తేరుకుని, సొంత డైరీలు జత చేసిన పత్రాల్లో లేవు కాబట్టి పరిగణనలోకి రావన్నాడు.

"కౌకో, కూర్చో," అంది రౌహా గారు. తర్వాత నా వైపు తిరిగింది. "అంటే నా బన్నులు అబద్ధం చెప్పి తిన్నావు."

"మూడు," అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

ఎవరో ముక్కుతో నవ్వారు. రౌహా గారు నవ్వలేదు. ఇల్పోను అడిగింది, నువ్వేమంటావని.

"నేను అడిగింది చిన్న ప్రశ్న. దానికి పన్నెండు రోజులు పట్టింది." అంతే అన్నాడు ఇల్పో. నాకు కాదు, గదికి.

ఓటు పెట్టారు. ఇల్పో ఉండాలని ఇరవై ఏడు. కౌకో వద్దన్నాడు, ఒకాయన నిద్రపోయాడు. తర్వాత రౌహా గారు ఇంకోటి పెట్టించింది: వంతులు మళ్లీ కాగితం మీదే, యంత్రం పొయ్యిని వెలిగించడం ఆర్పడం వరకే. రూట్ పాస్‌వర్డ్ కవరులో పెట్టి, అంటించి, ఇల్పో తాళాల పెట్టెలో ఉంచాలి. ఎవరు ఎప్పుడు తీశారో అతని నోటు పుస్తకంలో సంతకం చేయాలి. అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను.

పాస్‌వర్డ్ అక్కడే రాసివ్వమన్నారు. ఆ అబ్బాయి పేరు, 1996. ఇల్పో తీసుకుని చదివి, కవరులో పెట్టి నాకేసి చూశాడు. మొదటిసారి ఏదో అనబోయి మానేశాడు. దానికి రుణపడి ఉంటాను.

మార్చి 15, శుక్రవారం

లిఫ్ట్‌లో నాలుగో అంతస్తు ఆయన గోడతో కూడా మాట్లాడలేదు.

ఆరింటికి వెళ్లాలా వద్దా అని నాలుగు నుంచి ఆలోచించాను. వంతు నాదేనా? కాగితాలు మళ్లీ మొదలైతే పాత హక్కులు ఉంటాయా? సమావేశం దీని గురించి తీర్మానించలేదు. నేనెవరినీ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. చివరికి తువ్వాలు సంచీలో దాచుకుని దిగాను, ఎవరైనా చూస్తే సర్వర్ కోసం వచ్చానని చెప్పచ్చని. మళ్లీ అబద్ధాలు మొదలుపెట్టాను.

తలుపు మీద ఇల్పో కాగితం ఉంది. స్కేలుతో గీసిన గడులు. పాత వంతులన్నీ అతనే పెద్దక్షరాలతో దింపాడు: సోమవారం నుంచి ఆదివారం దాకా ముప్పై అయిదు పేర్లు. శుక్రవారం ఏడింటికి రౌహా. శుక్రవారం ఆరింటి గడి ఖాళీ.

పక్కన దారానికి పెన్సిల్. దాని పక్కన ఇంకో దారానికి రబ్బరు కూడా కట్టాడు. ఎవరైనా చదవచ్చు, రాయచ్చు, చెరపచ్చు. పొద్దుటి నుంచి ఈ తలుపు ముందు నుంచి భవనమంతా నడిచి ఉంటుంది. తొమ్మిదేళ్ల వరుస ఉన్న వంతు అది. ఎవరూ ఆ గడిని ముట్టుకోలేదు.

లోపల రాళ్లు అప్పటికే వేడెక్కి ఉన్నాయి. ఆరింటికల్లా వేడెక్కేలా ముందే వెలగమని ఇల్పో యంత్రానికి చెప్పే ఉంచాడు.

నా పేరు నేనే రాసుకోవాలి. రాశాను: మార్యుత్. డాక్టర్ లేకుండా.

చివరి అక్షరం దగ్గర పెన్సిల్ మొన విరిగింది. ఎవరో అరగదీసి వదిలేసినట్టున్నారు.

లేదు. కొత్త పెన్సిలే. నేనే గట్టిగా నొక్కాను. పెన్సిల్ విప్పి, పైకెళ్లి చెక్కుకుని వచ్చి, ఇల్పో తలుపు కొట్టి విరగ్గొట్టింది నేనేనని చెప్పి, అప్పుడు లోపలికి వెళ్లాను. నా గంటలో పదకొండు నిమిషాలు పోయాయి.